రాయి లేని తీరాన కోట

బందరు కోట చూడబోయేవాళ్లకు ముందే ఒక మాట చెప్పడం మంచిది. కొంకణ తీరంలో జంజీరా లాగా అలల్లోంచి నిటారుగా లేచిన నల్లరాతి గోడలు ఇక్కడ ఉండవు. బందరు అని పిలుచుకునే మచిలీపట్నం ఊరు దాటి గిలకలదిండి వైపు వెళితే, ఉప్పు పట్టిన నేలలో, తుప్పల మధ్య కొన్ని పాత కట్టడాలు కనిపిస్తాయి. కమానులున్న ఆయుధాగారం, కప్పు పడిపోయిన గదులు, దేని తాలూకువో పోల్చుకోలేని గోడముక్కలు. అన్నీ ఇటుకా సున్నమే. వచ్చినవాళ్లలో చాలామంది నాలుగు ఫొటోలు తీసుకుని, "ఇదేనా కోట?" అనుకుంటూ మంగినపూడి బీచి వైపు బండి తిప్పేస్తారు.

అలా తిప్పేయకండి. నేల ఎలా పుట్టిందో, సముద్రం ఎలా కదులుతుందో, తుపాను ఎందుకు అంతమందిని చంపుతుందో ఒకే చోట నిలబడి తెలుసుకోగలిగిన స్థలం తెలుగు తీరంలో నాకు తెలిసి ఇంకొకటి లేదు.

మొదటి ప్రశ్న అందరికీ వచ్చేదే. గోలకొండ సుల్తానుల ప్రధాన రేవు ఇది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు ఇక్కడ కోఠీలు పెట్టుకున్నారు. వీళ్లెవరికీ డబ్బుకు లోటు లేదు, పనివాళ్లకు లోటు లేదు. అయినా రాతికోట ఎందుకు లేవలేదు?

లేవడానికి రాయి ఉండాలి కదా. కృష్ణ బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రిని ఒరుసుకుంటూ దాటుతుంది. దాదాపు అదే ఆఖరి కొండ. అక్కడి నుంచి బందరు దాకా సుమారు 70 కిలోమీటర్ల మేర మీకు పొలాలు, కాలువలు, తాటిచెట్లు కనిపిస్తాయి గాని బండరాయి కనిపించదు. ఆ నేలంతా నది తెచ్చి పోసిందే. కృష్ణా గోదావరి బేసిన్‌లో మట్టి, ఇసుక, బురదల పొరలు చాలాచోట్ల కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. ఇంట్లో రోటికి రాయి కావాలన్నా కొండల నుంచి రావలసిందే.

ఇంతకీ ఆ మట్టి ఎక్కడిది? కృష్ణ మహాబలేశ్వరంలో పుడుతుంది. అక్కడి కొండలు దక్కను లావాతో పేరుకున్నవి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట నేల చీలి, లావా పొరలు పొరలుగా పారి, గడ్డకట్టి బసాల్ట్ రాయి అయింది. మహాబలేశ్వరం నుంచి పడమటి సముద్రం కనుచూపు దూరమన్నట్టే ఉంటుంది. కాని కృష్ణ అటు పోదు. తూర్పుకు తిరిగి, దాదాపు 1400 కిలోమీటర్లు నడిచి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ దారి పొడవునా బసాల్ట్‌ను, దిగువన గ్రానైటును అరగదీసి ఒండ్రుగా మోసుకొస్తుంది. మంగినపూడి తీరంలో కాలికి అంటుకునే నల్లటి జిగురుమట్టిలో సహ్యాద్రి పాలు చాలా ఉంది.

ఇప్పుడు జంజీరా సంగతి చూడండి. మహాబలేశ్వరానికి వంద కిలోమీటర్ల లోపే, మురుద్ దగ్గర సముద్రంలో ఒక బసాల్ట్ దీవి మీద ఉన్న కోట అది. శివాజీ ప్రయత్నించినా, ఆ తర్వాత శంభాజీ ప్రయత్నించినా దాన్ని ఏలిన సిద్దీల చేతి నుంచి జారలేదు. 19 బురుజులు ఇవాళ్టికీ నిలబడే ఉన్నాయి. కొండకు పడమటి పక్కన అదే రాయి రాయిగా దొరికింది, కోట అయింది. తూర్పు పక్కన అదే రాయి పిండి అయి, నదిలో కొట్టుకొచ్చి, మన దగ్గర ఇటుకబట్టీలో కాలింది. బందరు కోటకూ జంజీరాకూ ఉన్న చుట్టరికం ఇది. రెండు తీరాల చరిత్రల్లోని తేడాకు రాజులను మాత్రమే కారణం చేయడం నాకు సబబుగా తోచదు. సగం కారణం నేలే.

పాతకాలపు కట్టడం ఏదైనా దాని కింది నేల ఇచ్చిన సరుకే. కేరళలో బేకల్ కోట ఎర్రటి జేగురు రాయిది. ఆ రాయి తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలికి ఆరాక గట్టిపడుతుంది. ఢిల్లీ ద్వారకలో కాపురముంటున్న తెలుగువాళ్లకు సముద్రం చాలా దూరం గాని, ఈ సూత్రం మాత్రం గుమ్మంలోనే ఉంది. సెక్టార్ 12లో అపార్ట్‌మెంట్ల మధ్య లోదీల కాలపు మెట్లబావి ఒకటి ఉంది. ఒకప్పుడు అక్కడ ఉన్న లోహార్‌హేడీ అనే ఊరి నీటి అవసరానికి తవ్వించింది. గోడలకు వాడినది ఆరావళి కొండల తోక అయిన ఢిల్లీ రిడ్జ్ రాయి, క్వార్ట్‌జైట్. చెక్కడానికి లొంగని మొండిరాయి కాబట్టి దాన్ని ముక్కలుగానే పేర్చి సున్నంతో కలిపారు. ఢిల్లీ ద్వారకకు పేరిచ్చిన గుజరాత్ ద్వారకలో 1980లలో ఎస్.ఆర్. రావు బృందం సముద్రంలో మునిగి వెతికినప్పుడు కనిపించినవి చెక్కుడు రాళ్లు, రాతి లంగర్లు. సౌరాష్ట్ర తీరంలో రాయికి కరువు లేదు. బందరు దగ్గర సముద్రంలో అలా వెతికితే బురదే చేతికి వస్తుంది.

రాయి లేని ఊళ్లో రాయికి ఎంత ఆకలి ఉంటుందో బందరులోనే రెండు చోట్ల తెలుస్తుంది. ఒకటి డచ్చివాళ్ల శ్మశానం. 17వ శతాబ్దపు సమాధుల మీద వంశచిహ్నాలు, అక్షరాలు తీర్చిదిద్దిన రాతి పలకలున్నాయి. కోటకు తేలేని రాయిని సమాధులకు తెచ్చుకున్నారు. రెండోది ఇంకా బాధ కలిగించేది. 19వ శతాబ్దం మొదట్లో రాబర్ట్‌సన్ అనే కంపెనీ అధికారి ఊళ్లో కొత్త బజారు కట్టించి, దాని చౌకుకు అలంకారంగా అమరావతి స్తూపం నుంచి 33 శిల్పఫలకాలు తెప్పించాడు. రాబర్ట్‌సన్‌పేట పేరు అతనిదే. పలనాటి సున్నపురాయి మీద చెక్కిన బౌద్ధశిల్పాలు బజారులో దిమ్మెకు అమరాయి. ఆ ఫలకాలు తర్వాత మద్రాసు మ్యూజియం చేరాయి. చెక్కిన రాయి అప్పనంగా దొరికితే ఏ స్తూపమైనా క్వారీ అయిపోతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

రాయి లేకపోయినా సముద్రం ఒకటి ఇచ్చింది. గుల్ల. ఉప్పుటేరుల్లో, మడ నేలల్లో దొరికే గుల్లలను బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. ఇసుక కలిపి గోడలో వేశాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా తిరిగి పీల్చుకుంటుంది. ఏళ్ల మీద మళ్లీ గుల్లలో ఉన్న పదార్థంగానే, అంటే కాల్షియం కార్బొనేటుగా మారి గట్టిపడుతుంది. 

ఆయుధాగారం గోడకు దగ్గరగా వెళ్లి, మోకాలి ఎత్తున చూడండి. పాత ఉప్పుతీరపు గోడలకు ఒక లక్షణం ఉంటుంది: ఇటుక లోపలికి అరిగిపోయి ఉంటుంది, సున్నపు దర్జు బయటికి పొడుచుకొని గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. వేలితో రాస్తే ఇటుక పొడిగా రాలుతుంది. మన ఇళ్లలో గోడకు చౌడెక్కిందనేది ఇదే. కింది ఉప్పునీరు ఇటుక సన్నరంధ్రాల గుండా పైకి ఎగబాకుతుంది. మోకాలి దాకానో నడుము దాకానో వచ్చి, అక్కడ నీరు ఆవిరై, ఉప్పు ఉండిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటిన రాత్రుల్లో ఆ ఉప్పు కరుగుతుంది. మధ్యాహ్నపు ఎండకు మళ్లీ స్ఫటికాలు కడుతుంది. కట్టేటప్పుడు ఆ స్ఫటికం చుట్టూ ఉన్న ఇటుకను తోస్తుంది. ఒక్కో తోపు చిన్నదే, కాని వందల ఏళ్లుగా రోజూ జరిగేది. రంధ్రాలు తక్కువ ఉన్న బసాల్ట్‌లోకి ఉప్పునీరు అంత సులువుగా చొరబడదు. జంజీరా నిలవడానికి, ఇది రాలడానికి గల కారణాల్లో అది ముఖ్యమైనది.

ఇలాంటి గోడకు సిమెంటు పూయడం మహాపాపం. సిమెంటు తడిని బయటికి పోనివ్వదు. లోపల చిక్కిన ఉప్పు అంతా ఇటుకలోనే స్ఫటికమవుతుంది. పైకి నున్నగా కనిపిస్తూనే పూత వెనక గోడ పిండైపోతుంది. సున్నపు పూత అయితే తడిని వదిలేస్తుంది, తాను అరిగి ఇటుకను కాపాడుతుంది. కొన్నేళ్లకొకసారి మళ్లీ పూసుకోవాలి, అంతే.

ఇక కోట బలం సంగతి. రాయి లేని కోటను తేలిగ్గా తీసుకోకండి. దక్షిణాన సముద్రపు పాయ, మిగిలిన దిక్కుల్లో ఎక్కువ భాగం పోటుకు మునిగి ఆటుకు తేలే బురద. 11 బురుజులు. లోపల మట్టిని దట్టించి, బయట ఇటుక కట్టిన ప్రాకారాలు. చుట్టూ నీటి అగడ్త. ఊరి నుంచి కోటకు బురద మీదుగా వేసిన పొడవాటి కట్ట ఒక్కటే దారి. ఫిరంగుల కాలానికి మట్టిగోడ నిజానికి మంచి ఎంపిక. గట్టిరాయికి గుండు తగిలితే పగిలి చిల్లలవుతుంది. మట్టి గుండును తనలోకి మింగి దాని వేగాన్ని చంపేస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా తీరాన సెయింట్ అగస్టీన్‌లో స్పెయిన్‌వాళ్లు 1672లో మొదలుపెట్టిన కోట ఉంది. దాని రాయి సముద్రపు గవ్వలు అతుక్కుని ఏర్పడ్డ గుల్లరాయి. 1702లో ఇంగ్లీషువాళ్లు వారాల తరబడి కొట్టినా గుండ్లు అందులో దిగబడ్డాయి తప్ప గోడ కూలలేదు.

బందరు కోటను 1750లో ఫ్రెంచివాళ్లు పట్టుకుని బలపరిచారు. 1759లో బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ సైన్యం, విజయనగరం ఆనంద గజపతి బలగంతో కలిసి దీన్ని ముట్టడించింది. లోపల కాన్‌ఫ్లాన్స్ అనే ఫ్రెంచి సేనాని. ఏప్రిల్ మొదటివారం గడిచేసరికి ఫోర్డ్ దగ్గర మందుగుండు రెండు రోజులకే మిగిలింది. నిజాం సలాబత్ జంగ్ సైన్యం ఫ్రెంచివాళ్లకు సాయంగా దగ్గరపడుతోంది. ఏప్రిల్ 7 రాత్రి దాడి చేయాలనుకున్నాడు. వేళ ఎంచుకోవడంలో అతను చూసింది ఒక్కటే, ఆటు. అర్ధరాత్రి ప్రాంతానికి నీరు తగ్గి, అగడ్త నడిచి దాటగల లోతుకు వస్తుంది.

ఆ రాత్రి చంద్రుడి దశను వెనక్కి లెక్కకట్టవచ్చు. కడితే చైత్ర శుక్ల దశమి, ఏకాదశుల ప్రాంతం తేలుతుంది. ఊళ్లో శ్రీరామనవమి వెళ్లి ఒకటి రెండు రోజులు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి పోటు వేళ కూడా రోజూ అంతే జరుగుతుంది. చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పుడే పోటు వస్తుందనుకోవద్దు. సముద్రం లోతు, తీరం వంపు బట్టి ఒక్కో రేవుకు ఒక్కో ఆలస్యం. ఆ లెక్క పుస్తకం లేకుండానే జాలరివాళ్లకు వచ్చు. ఇంకొకటి, అమావాస్యకూ పున్నానికీ సూర్యచంద్రుల లాగుడు ఒకటై పోటు పెద్దది, ఆటూ పెద్దదే. అష్టమి చుట్టుపక్కల రెండూ చిన్నవి. ఫోర్డ్‌కు తీరిక ఉంటే పున్నమి దాకా ఆగి ఇంకా లోతైన ఆటును చూసుకునేవాడేమో. మందుగుండు ఆగనివ్వలేదు.

దాడి మూడు వైపుల జరిగింది. ఆనంద గజపతి మనుషులు కట్ట మీద హడావుడి చేశారు. కెప్టెన్ నాక్స్ నైరుతిలో బురదకు అడ్డంపడి ఉత్తుత్తి దాడి చేశాడు. అసలు దెబ్బ ఈశాన్య మూల బురుజు మీద పడింది. ఎటు చూడాలో తెలియక కాన్‌ఫ్లాన్స్ తెల్లవారకముందే లొంగిపోయాడు. లోపల పట్టుబడినవాళ్లు బయటి నుంచి వచ్చినవాళ్లకంటే ఎక్కువమంది. ఆ ఒక్క రాత్రితో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల పని ముగిసింది. కోటను కాసినది బురద, నీరు. ఆటు వేళ అవి పక్కకు తప్పుకోగానే గోడ ఒక్కటే మిగిలింది, అది చాలలేదు.

105 ఏళ్ల తర్వాత నీరు ఎదురు దిశలో వచ్చింది. 1864 నవంబర్ 1 రాత్రి తుపాను ఉప్పెన బందరును ముంచేసింది. మామూలు పోటు మట్టం కంటే సుమారు 13 అడుగుల ఎత్తున నీరు లేచిందని, 30 వేల మంది పోయారని ఆనాటి లెక్కలు. ఊరిలో ఇళ్లు, ధాన్యం, పశువులు, మంచినీటి చెరువులు అన్నీ పోయాయి. ఆ తర్వాత రేవు పాత వైభవం మళ్లీ చూడలేదు.

గాలికి సముద్రం అంత ఎత్తు ఎలా లేస్తుంది? తుపాను కన్ను దగ్గర గాలి పీడనం తగ్గుతుంది. ఒక్కో మిల్లీబారు తగ్గుదలకు సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పైకి ఉబ్బుతుంది. 50 మిల్లీబార్లు తగ్గినా అర మీటరే. మిగతాదంతా గాలి తోపుడు. లోతైన సముద్రంలో గాలి పైనీటిని తోస్తే అడుగునీరు వెనక్కి జారి సర్దుకుంటుంది. లోతు లేనిచోట ఆ వెసులుబాటు లేదు. సాసర్లో పోసిన టీ మీద గట్టిగా ఊదితే అంచు దాటి ఒలుకుతుంది, లోతైన గ్లాసులో ఊదితే ఒలకదు. లోతు సగమైతే అదే గాలికి నీటి వాలు రెండింతలవుతుంది. బందరు ముందున్న సముద్రం సాసరు లాంటిది. కృష్ణ తెచ్చిన ఒండ్రు మైళ్ల దూరం పరుచుకుని ఉంది కాబట్టే పెద్ద ఓడలు ఎప్పుడూ ఒడ్డుకు రాలేకపోయాయి. దూరాన లంగరు వేసి, సరుకును పడవల మీద దింపేవాళ్లు. శత్రువు ఓడ ఫిరంగులను దూరంగా ఉంచిన ఆ మెరక సముద్రమే ఉప్పెనను నెత్తిన పెట్టుకుని తెచ్చింది.

ఉప్పెన తీరమంతా ఒకేలా రాదు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. తూర్పుతీరాన్ని దాటే తుపానుకు కుడివైపు, అంటే ఈశాన్యం వైపు, గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది. ఎడమవైపు నేల నుంచి సముద్రం మీదికి. 1977 నవంబర్ 19న తుపాను చీరాల ప్రాంతంలో తీరం దాటింది. దివిసీమ దానికి కుడివైపున పడింది. సుమారు 5 మీటర్ల ఉప్పెన. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్లు 10 వేలు. తుపాను దాటే చోటు తెలిస్తే ఎవరిని ముందు తరలించాలో తెలుస్తుందని మన వాతావరణ కేంద్రాలు పదేపదే చెప్పడం వెనుక ఇంత ఉంది.

1864లో అలా చెప్పే వ్యవస్థే లేదు. అదే ఏడాది అక్టోబర్‌లో కలకత్తాను ముంచిన తుపాను, బందరు ఉప్పెన, ఆ తర్వాతి కరవులు ఒకదాని వెంట ఒకటి వచ్చాక 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఇప్పుడు మచిలీపట్నంలోనే ఆ శాఖ డాప్లర్ రాడార్ తిరుగుతోంది.

కోట చూడటానికి వెళ్లేవాళ్లు పంచాంగం చూసుకుని వెళ్లండి. అమావాస్యకో పున్నానికో వెళితే ఒకే పూటలో ఆటూ పోటూ రెండూ పెద్దవి చూడవచ్చు. నీరు ఎక్కడి దాకా ఎక్కుతోందో, ఎక్కడి నుంచి వెనక్కి పోతోందో చూశాక 1759 రాత్రి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ఆయుధాగారంలోకి వెళ్లినప్పుడు గోడల మీద పేర్లు గీయకండి. గీరిన చోటల్లా ఉప్పుకు కొత్త దారి తెరుచుకుంటుంది.

దీన్ని కాపాడే బాధ్యత ఉన్నవాళ్లకు రెండు విన్నపాలు. గోడలకు మరమ్మతు చేయవలసి వస్తే గుల్లసున్నమే వాడండి, సిమెంటు బస్తా లోపలికి తీసుకురాకండి. రెండోది అంతకంటే ముఖ్యం. ఈ కోట సరిహద్దు ఇటుక గోడ దగ్గర ఆగదు. చుట్టూ ఉన్న బురదనేల, మడచెట్లు, పోటునీరు తిరిగే కాలువలు కూడా కోటలో భాగమే. వాటిని పూడ్చి, చదును చేసి, నాలుగు గోడల చుట్టూ ఇనుప కంచె వేస్తే మిగిలేది పాత ఇటుకల కుప్ప. పైగా వచ్చే ఉప్పెన వేగాన్ని కాస్తయినా తగ్గించేది ఊరికీ సముద్రానికీ మధ్య ఆ మడ అడవి ఒక్కటే. కొత్త పోర్టు, కొత్త రోడ్లు రానివ్వండి, రావాలి కూడా. కాని బందరు పటంలో కోటను గుర్తించే చోట ఆ మడను కూడా కలిపి గీయండి.